దీర్ఘాయువూ, మరపూ

పెండ్లి శుభలేఖలలో వరుని పేరుకు ముందు 'చి.' అని ఒక్క అక్షరం వేసి ఊరుకొంటాము. చిరంజీవి అన్న మాటకు అది కుదింపు. వధువు పేరుకు ముందు వేసే అక్షరాలలో కూడా మొదటిది అదే. ఆ దీవెన ఉన్నదున్నట్లు ఫలిస్తే ఏమవుతుందని శుభలేఖ అచ్చు వేయించే పెద్దలెవరూ ఆలోచించి ఉండరు. శరీరం సంగతి వైద్యులు చూచుకొంటారనుకొందాము. కీళ్ళు అరగవు, కంటికి పొరలు రావు, గుండె అలసిపోదు. మూడు వందల ఏండ్లో అయిదు వందల ఏండ్లో బ్రదికిన ఆ వరుడు, తన పెండ్లినాటి ముచ్చట తలచుకోగలుగుతాడా? తలచుకోలేకపోతే, అగ్నిసాక్షిగా ఆనాడు మాట ఇచ్చినవాడూ, ఈనాటి ఈ వృద్ధుడూ ఒక్కడేనని ఎవరు చెప్పాలి?

ఇది పని లేనివాడి ప్రశ్న అని కొట్టివేయటానికి వీలు లేదు. 1941–51 దశకంలో మన దేశంలో పుట్టిన బిడ్డకు సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏండ్లు. ఇప్పుడది 70 ఏండ్ల దరిదాపులలో ఉన్నది. నిజమే, ఇందులో చాలా భాగం పసిబిడ్డల చావులను తప్పించుట వలన కలిగినదే గాని, ముసలితనపు గడువు జరగటం వలన కాదు. మనిషి ఆయువుకు పై హద్దు ఇంకా ఉన్నచోటనే ఉన్నది. కాని ఆ హద్దును కదిలించవచ్చునేమోనన్న ఆశ శాస్త్రజ్ఞులలో పుట్టినది. 1993లో అమెరికాలో సింథియా కెన్యన్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు, ఒక మిల్లీమీటరు పొడవైనా ఉండీ ఉండని ఒక నులిపురుగులో ఒకే ఒక జన్యువు మారితే దాని ఆయువు రెండింతలు దాటుతుందని చూపినారు. పురుగుకు జరిగినది మనిషికి జరుగుతుందన్న హామీ ఏమీ లేదు. అయినా ఆనాటి నుండి వార్ధక్యాన్ని గురించి మాట్లాడే ధోరణి మారినది. కాబట్టి జ్ఞాపకాన్ని గురించిన ప్రశ్న ఇప్పుడే వేసుకొనుట మంచిది.

ఎవరికైనా ముందు తోచే భయం, బొక్కసం నిండిపోతుందేమోనని. మెదడు తలలో ఇమిడే వస్తువు. అందులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు అని లెక్క కట్టినారు. ఎంత పెద్ద సంఖ్య అయినా సంఖ్యే కదా! 1986లో థామస్ లాండవర్ అనే ఆయన, మనిషి చదివినదీ చూచినదీ విన్నదీ ఎంతవరకు నిలుస్తున్నదో ప్రయోగాల మీద అంచనా వేసి, సెకండుకు రెండు బిట్లకు మించి మనలో నిలవటం లేదని తేల్చినాడు. బిట్టు అంటే అవును, కాదు అన్న రెండింటిలో ఒకటి చెప్పగల అతి చిన్న సమాచారం. ఆ లెక్కన నిండు జీవితంలో కూడేది సుమారు వంద కోట్ల బిట్లు. ఈనాడు జేబులో పెట్టుకొని తిరిగే టెలిఫోనులో అదొక మూలకు కూడా చాలదు. ఆ తరువాత నాడీకణాల సంధులను కొలిచినవారు మెదడులో పట్టే సమాచారం దీనికి కోటి రెట్లని కూడా అన్నారు. రెండు అంచనాల మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు దేనినీ పట్టుకొని ప్రమాణం చేయరాదు. పైగా, బొక్కసమన్న ఉపమానమే మనలను తప్పుదారి పట్టిస్తున్నదని నా అభిప్రాయం. బొక్కసంలో పెట్టిన కాసు పెట్టినట్లే ఉంటుంది. జ్ఞాపకం ఉండదు.

మరపును మొట్టమొదట కొలిచి చూచినవాడు జర్మనీ దేశస్థుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఆయన అర్థం లేని అక్షరాల గుచ్ఛాలను వల్లెవేసి, తన మీద తానే ప్రయోగాలు చేసికొని, 1885లో ఫలితాలు ప్రకటించినాడు. నేర్చిన గంట తరువాత సగానికి పైగా జారిపోయినది. ఒక రోజు గడిచేసరికి మూడింట ఒక వంతు మిగిలినది. కాని నెల గడిచిన తరువాత కూడా అయిదింట ఒక వంతు మిగిలే ఉన్నది. అనగా మరపు మొదట వేగంగా నడిచి, తరువాత నెమ్మదిస్తుంది. అర్థం లేని అక్షరాల గతే ఇది అయితే, అర్థమున్నవాటి గతి ఇంకా మెరుగు. బడిలో స్పానిష్ భాష చదివి వదిలివేసినవారిని హారీ బారిక్ అనే అమెరికన్ ఆచార్యుడు పరీక్షించినాడు. మొదటి మూడు నుండి ఆరేండ్లలో పోవలసినది పోయినది. అక్కడ మిగిలినది పాతికేండ్ల తరువాత కూడా దాదాపు చెక్కుచెదరలేదు. చిన్నప్పుడు ఎక్కములు బాగా వల్లెవేసినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

కాబట్టి బొక్కసం నిండదు. నిండకుండా మరపు చూచుకొంటుంది. మరపే లేకపోతే ఏమవుతుందో చూపటానికి రష్యాలో షెరెషెవ్‌స్కీ అనే ఆయన ఉండేవాడు. ఆయనను దశాబ్దాలపాటు పరిశీలించి అలెగ్జాండర్ లూరియా గ్రంథం వ్రాసినాడు. విన్నదేదీ మరువలేక, ఒక దశలో ఆయన మరువదలచినవాటిని కాగితం మీద వ్రాసి ఆ కాగితాన్ని తగులబెట్టి చూచినాడట. అప్పటికీ మసిలో అక్షరాలు కనిపించినవట. ముప్ఫయి ఏండ్లవానికే అది అంత బాధ అయితే మూడు వందల ఏండ్లవాని సంగతి చెప్పనేల?

ఇక్కడి నుండి నాకు అసలు కష్టం కనిపిస్తున్నది. మరపు అన్నింటినీ సమంగా తినదు. మారిగోల్డ్ లింటన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 1972 నుండి ఆరేండ్లపాటు ప్రతి దినం జరిగిన సంగతులలో కనీసం రెండింటిని కార్డుల మీద వ్రాసిపెట్టి, నెలనెలా కొన్నింటిని తీసి తనను తానే పరీక్షించుకొన్నది. ఆమె కనుగొన్నదేమంటే, ఒకే రకపు అనుభవం మళ్ళీ మళ్ళీ కలిగితే అవి వేర్వేరుగా నిలవవు. అన్నీ కలిసి ఒక ముద్ద అవుతవి. మొదటిసారి ఒక సభకు వెళ్ళినది గుర్తుంటుంది. పదిసార్లు వెళ్ళిన తరువాత 'సభలకు వెళ్ళేదానిని' అన్న ఒక్క వాక్యం మిగులుతుంది. వృద్ధులను పిలిచి మీ జీవితంలోని సంఘటనలు చెప్పండి అంటే, ఎక్కువగా పది నుండి ముప్ఫయి ఏండ్ల ప్రాయంలోనివే చెబుతారని మరొక పక్క అనేక పరిశోధనలు తేల్చినవి. కాగితం మీద గీత గీస్తే అక్కడొక మూపురం కనబడుతుంది. మొదటి చదువు, మొదటి ఉద్యోగం, పెండ్లి, మొదటి బిడ్డ, అన్నీ ఆ మూపురం మీదనే.

మా నాయనమ్మ తొంభైమూడేండ్లు జీవించినది. ఆమె పుట్టినింటి పెరడు, అందులోని బావి, ఆ బావిలో పడిన ఇత్తడి చెంబు, దానిని తీయటానికి గేలం తెచ్చిన మనిషి నత్తి, అన్నీ ఆమె నోట నేను కన్నులకు కట్టినట్లు విన్నాను. ఒకసారి, నీ నలుబదవ యేటి నుండి అరువదవ యేటి వరకు ఏమి జరిగినదో చెప్పవే అని అడిగినాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఏముందిరా అబ్బాయ్ చెప్పటానికి! వండాను, వడ్డించాను" అన్నది. ఇరవై ఏండ్లు రెండు మాటలలోకి వచ్చినవి. ఆ ఇరవై ఏండ్లలో ఆమె ముగ్గురు బిడ్డల పెండ్లిండ్లు చేసినది, ఒక బిడ్డను పోగొట్టుకొన్నది. అవి గుర్తులేక కాదు. వాటి చుట్టూ ఉన్న దినాలు గుర్తులేవు.

దీనిని గుణించి చూడండి. వయస్సు నాలుగు వందలైతే ఆ మూపురం వెనుక మూడు వందల డెబ్బది ఏండ్ల మైదానం ఉంటుంది. దాని మీద 'వండాను, వడ్డించాను' అన్నటువంటి వాక్యాలు నాలుగో అయిదో నిలుస్తవి.

ఒక ఉపాయం లేకపోలేదు. దేశం విడిచి వలస పోయినవారిలో ఆ మూపురం వారు వలస పోయిన ప్రాయానికి జరుగుతుందని, లాటిన్ అమెరికా నుండి అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వెళ్ళి స్థిరపడినవారిని పరిశీలించి కనుగొన్నారు. ముప్ఫయి దాటిన తరువాత వెళ్ళినవారికి ముప్ఫయి దాటిన తరువాతి సంగతులు ఎక్కువ గుర్తున్నవి. అంటే కొత్త జీవితం మొదలుపెడితే కొత్త మూపురం లేస్తుంది. చిరంజీవి అయినవాడు యాభై ఏండ్లకొకసారి ఊరు మార్చి, వృత్తి మార్చి, భాష మార్చి బ్రతికితే ఒంటెకు రెండు మూపురాలున్నట్లు అతనికి ఆరేడు ఉండవచ్చును. కాని ఊరు మార్చినవాడు పాత ఊరివారిని కూడా విడుస్తాడు. ఆ విడుచుటలోని నష్టమెంతో నేను ఒకనాడు ఉద్యోగరీత్యా తెలుసుకొన్నాను.

ఆకాశవాణిలో ఉద్యోగం అంటే మాటలను పోగుచేయటం. పాత టేపులను సరిచూచి కొత్త పద్ధతిలోకి ఎక్కించే పని ఒకసారి నాకు పడినది. అందులో ఒక టేపు 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను గురించినది. అందులో ఒక ముసలి పల్లెకారుడు మాట్లాడుతున్నాడు. నీరు తాటిచెట్టు మొదలు దాటినదెప్పుడో, తాను ఏ మట్టను పట్టుకొన్నాడో, తెల్లవారిన తరువాత ఎవరిని పేరుపెట్టి పిలిచినాడో, ఎవరు పలుకలేదో చెబుతున్నాడు. అడుగుతున్న గొంతు నాది. ఉప్పెన వచ్చిన పాతికేండ్ల తరువాత, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వెళ్ళి చేసిన రికార్డింగు అది. నా గొంతేనని గుర్తుపట్టినాను. నా ప్రశ్నలేనని గుర్తుపట్టినాను. ఆ మనిషి ముఖం గాని, ఆ ఊరు గాని, ఆ దినం గాని నాకు ఇసుమంత కూడా గుర్తు రాలేదు. ఒక మనిషి తన జీవితంలోని అతి ఘోరమైన రాత్రిని నా చేతిలో పెడితే, దానిని నేను ఎక్కడో పారవేసుకొన్నాను. అంతకన్న సిగ్గుపడిన దినం నాకు మరొకటి లేదు.

ఆ రోజున నాతో వచ్చిన ఇంజనీరు అప్పటికే పదవీ విరమణ చేసినారు. వారి ఇంటికి వెళ్ళి అడిగినాను. వారు నవ్వి, "జీపు చక్రానికి గాలి పోయిందిగదండీ, తాటితోపులో కూర్చోలేదూ? ఆ పెద్దాయన కోడలు ముంజలు కొట్టి ఇచ్చింది. ముంజెనీరు మీ కొత్త చొక్కా మీద పడి మరక పట్టింది. మీరు ఊరికి వచ్చేదాకా ఆ మరక సంగతే మాట్లాడారు" అన్నారు. ఆ మరక దగ్గర తలుపు తెరుచుకొన్నది. ముసలివాని ఎడమచేతి మీది తాయెత్తు కనిపించినది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన మైకును కాక సముద్రం వైపు చూచుట కనిపించినది. ఇవేవీ టేపులో లేవు. అవి నాలోనే ఉన్నవి. కాని వాటిని పైకి తీసే తాడు వేరొకరి చేతిలో ఉన్నది.

ఇది నా ఒక్కని అనుభవమే అయితే ఇంత విస్తరించి చెప్పను. విలెం వాగెనార్ అనే డచ్చి ఆచార్యుడు ఆరేండ్లపాటు తన జీవితంలోని రెండు వేల నాలుగు వందల సంఘటనలను వ్రాసిపెట్టుకొని, తరువాత తనను పరీక్షించుకొని, 1986లో ఫలితాలు ప్రకటించినాడు. కొన్నింటిని ఎన్ని ఆనవాళ్ళిచ్చినా గుర్తు తెచ్చుకోలేకపోయినాడు. అవి పూర్తిగా నశించినవనే అనుకొన్నాడు. వాటిలో పది సంఘటనలను తీసుకొని, ఆయా సమయాలలో తనతో ఉన్నవారి దగ్గరకు వెళ్ళి అడిగినాడు. వారు ఏవో చిన్న చిన్న వివరాలు చెప్పినారు. పదింటికి పది గుర్తు వచ్చినవి. ఫ్రాన్సు దేశపు సామాజిక శాస్త్రజ్ఞుడు మారిస్ హాల్బ్‌వాక్స్ 1925లోనే, మనిషి ఒంటరిగా గుర్తుంచుకోడు, తనవారి మధ్యన ఉండి గుర్తుంచుకొంటాడని సిద్ధాంతం చేసినాడు. దానికి ఇంతకన్న మంచి సాక్ష్యం దొరకదు.

అయితే మన చిరంజీవికి సాక్షులెవరు? ఇంతవరకు పత్రాల ఆధారంతో తేలిన మానవ జీవితాలలో అత్యంత దీర్ఘమైనది జాన్ కాల్మాన్ అనే ఫ్రెంచి మహిళది. దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణంలో 1875 ఫిబ్రవరి 21న పుట్టి, 1997 ఆగస్టు 4న, నూట ఇరవైరెండేండ్లు దాటిన తరువాత కన్నుమూసినది. ఆమె నూటపదునెనిమిదవ యేట మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆమె మాటనూ జ్ఞాపకాన్నీ పరీక్షించి, ఎనభై తొంభై ఏండ్ల ప్రాయంలోని చదువుకొన్నవారితో సమానంగా ఉన్నవని వ్రాసినారు. అనగా యంత్రం చెడలేదు. కాని ఆమె కుమార్తె 1934లో, భర్త 1942లో, ఒకే ఒక మనుమడు 1963లో మరణించినారు. ఆ తరువాత ముప్ఫయినాలుగేండ్లు ఆమె బ్రదికినది.

చిత్రకారుడు వాన్ గోఁ ఆర్ల్ పట్టణానికి వచ్చినది 1888లో. అప్పటికామె పదమూడేండ్ల పిల్ల. నూరేండ్ల తరువాత, 1988లో, ఆ శతవార్షికానికి వచ్చిన విలేఖరులకు, ఆయనను తాను చూచినాననీ, మురికిగా, చిరాకుగా ఉండేవాడనీ ఆమె చెప్పినది. వినటానికి ఎంత బాగున్నది! కాని అది నిజమో, నూరేండ్లలో ఎక్కడో విన్నది వచ్చి చేరినదో చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. 'కాదమ్మా, ఆయన కాదు, ఆ పక్కవీధి మనిషి' అనగల తోటిపిల్ల ఎవరూ మిగలలేదు. 2018లో కొందరు రష్యా పరిశోధకులు ఇంకొక అడుగు ముందుకు వేసి, మరణించినది తల్లేననీ, కుమార్తె తల్లి పేరుతో జీవించినదనీ కూడా అనుమానం లేవదీసినారు. వయస్సును నిర్ధారించే శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది దీనిని అంగీకరించలేదు. నాకు ఆ తగవు తీర్చే అర్హత లేదు. కాని ఒక మనిషి తాను తానేనని రుజువు చేసికొనటానికి రిజిస్టర్లు వెదకవలసి రావటం చూచినారా? ఎనభై ఏండ్లవానికి ఈ చిక్కు రాదు. తలుపు తీసి పక్కయింటివానిని పిలిస్తే చాలును.

జొనాథన్ స్విఫ్ట్ 1726లో అచ్చయిన గలివర్ యాత్రలలో ఇట్టి మనుష్యులనే కల్పించినాడు. లగ్‌నాగ్ అనే దేశంలో కొందరికి చావు లేదు. గలివర్ మొదట వారిని తలచుకొని పొంగిపోయినాడు. తీరా చూస్తే వారు తొంభై దాటేసరికి వస్తువుల పేర్లు, ఆప్తుల పేర్లు కూడా మరచిపోతారు. వాక్యం చివరకు వచ్చేసరికి మొదలు గుర్తుండదు గనుక చదువుకోనూ లేరు. రెండు వందల ఏండ్లు గడిచేసరికి దేశభాషే మారిపోయి, సొంత ఊరిలో పరదేశులైపోతారు. ఈ కడపటి మాట బహు సూక్ష్మమైనది. నన్నయగారి కాలపు మనిషి ఎవరైనా నేడు రాజమహేంద్రవరం బజారులో నిలబడి కూరగాయల ధర అడిగితే, అతనికి జవాబు చెప్పేవారెవరు?

స్విఫ్ట్‌ది కసి. మన మహాభారతంలో ఇదే విషయం వేరు విధంగా ఉన్నది. అరణ్యపర్వంలో పాండవులు మార్కండేయ మహర్షిని, మీకన్న చిరకాలం జీవించినవారెవరైనా ఉన్నారా అని అడిగినారు. ప్రళయాన్ని కండ్లారా చూచిన ఆ ఋషి చెప్పిన కథ ఇది. ఇంద్రద్యుమ్నుడనే రాజర్షి కీర్తి భూలోకంలో మాసిపోయినందున స్వర్గం నుండి జారిపడినాడు. వచ్చి మార్కండేయుని, నన్నెరుగుదువా అని అడిగినాడు. ఎరుగనని ఆయన చెప్పినాడు. ఆ మాటను ఏ సంకోచమూ లేక ఆయనే పాండవులకు చెబుతున్నాడు! హిమవంతం మీద తనకన్న ముందు పుట్టిన ప్రావారకర్ణుడనే గుడ్లగూబ ఉన్నాడంటే, రాజు తానే గుఱ్ఱమై ఋషిని మోసికొని అక్కడికి పోయినాడు. గుడ్లగూబ క్షణం ఆలోచించి, ఎరుగనన్నాడు. తనకన్న పెద్దవాడు నాడీజంఘుడనే కొంగ ఒక సరస్సులో ఉన్నాడన్నాడు. అందరూ అక్కడికి పోయినారు. కొంగ కూడా ఎరుగనన్నాడు. ఆ సరస్సులోనే తనకన్న వయోవృద్ధుడు అకూపారుడనే తాబేలు ఉన్నాడని పిలిచినాడు. తాబేలు గట్టుకు వచ్చి, రాజును చూచి, ముహూర్తకాలం ఆలోచించినాడు. కండ్ల నీరు నిండినవి. ఒడలు వణకినది. చేతులు జోడించి, ఈయనను ఎరుగకపోవుటెట్లా, ఎన్ని యజ్ఞాలు చేసినాడు, ఈయన దానమిచ్చిన గోవులు త్రొక్కిన నేల పల్లమై ఈ సరస్సయినది, నేను ఇందులోనే ఉంటున్నాను అన్నాడు. వెంటనే రాజుకు స్వర్గం నుండి విమానం వచ్చినది.

ఈ కథను కీర్తి మహిమ చెప్పే కథగా పెద్దలు చెబుతారు. అది ఉన్నదే. కాని జ్ఞాపకాన్ని గురించి ఆలోచించేవానికి ఇందులో ఇంకొకటి కనబడుతుంది. ఋషి, గుడ్లగూబ, కొంగ ముగ్గురూ వయస్సులో సామాన్యులు కారు. అయినా వారి ఆయువు రాజుకు అక్కరకు రాలేదు. తాబేలు ముసలివాడైనందువల్ల మాత్రమే గుర్తుపట్టలేదు. ఆ రాజు చేసిన పని నీరై అతని చుట్టూ ఉన్నది, దినదినమూ అతడందులోనే ఈదుతున్నాడు. ఇంకొక చిత్రం చూడండి. కొంగ కూడా ఆ నీటిలోనే చేపలు పట్టుకొంటున్నాడు. కాని ఆ సరస్సు ఎట్లా పుట్టినదో చూచినవాడు కాదు. చూచి ఉండాలి, ఆ చోటు విడువక ఉండాలి. ఈ రెండూ కలిస్తేనే ఆ కన్నీరు.

మొదట వేసిన ప్రశ్నకు వస్తాను. మాట ఇచ్చినవాడూ, మరచినవాడూ ఒక్కడేనా? జ్ఞాపకం ఎంతవరకు సాగితే మనిషి అంతవరకే అని జాన్ లాక్ పదునేడవ శతాబ్దంలో వాదించినాడు. స్కాట్లండు దేశపు థామస్ రీడ్ 1785లో దానికొక చిక్కు వేసినాడు. తోట దోచి దెబ్బలు తిన్న పిల్లవాడొకడు పెరిగి సైనికుడై శత్రువు జెండా పట్టుకొన్నాడు. ఆ సైనికుడు ముదిరి సేనాధిపతి అయినాడు. సైనికునికి దెబ్బలు తిన్నది గుర్తున్నది. సేనాధిపతికి జెండా పట్టుకొన్నది గుర్తున్నది గాని దెబ్బలు గుర్తులేవు. లాక్ మాట ప్రకారం సేనాధిపతి ఆ పిల్లవాడే కావాలి, కాకూడదు కూడా! రీడ్ దీనిని లాక్‌ను ఓడించటానికి చెప్పినాడు. కాని అయిదు వందల ఏండ్లవానికి ఇందులో కొంత ధైర్యం ఉన్నదని నాకు తోస్తుంది. తాడులో మొదటి నుండి చివరి వరకు సాగే నార ఒక్కటీ ఉండదు. ఒక పీచు మరొక పీచును పట్టుకొని ఉంటుంది. అయినా తాడు తాడే, బావిలో చెంబును అదే తీస్తుంది. నిన్నటివాడు మొన్నటివాని మాటను కాపాడి నేటివానికి అప్పగిస్తే చాలును. అయితే ఆ అప్పగింతలో మోసం జరగకుండా చూచేదెవరు? మనకు అనుకూలమైనది ఉంచుకొని, కానిది పక్కన పెట్టటం మన జ్ఞాపకానికి పుట్టుకతో ఉన్న గుణం. నా చొక్కా మరక వినగానే గుర్తు వచ్చినది గాని, ఆ ముసలివాని ముఖం దాని వెనుక వచ్చినది. ఈ క్రమం నాకేమీ గౌరవకరమైనది కాదు.

కనుక ఆయువు పెంచే ఔషధం ఎప్పుడైనా వస్తే, దానిని ఒక్కనికి ఇవ్వరాదని నా అభిప్రాయం. ఇస్తే ఊరంతటికీ ఇవ్వాలి. ధనవంతుడొకడు కొనుక్కొని ఒంటరిగా అయిదు వందల ఏండ్లు బ్రతికితే, అతనికి మిగిలేది జాన్ కాల్మాన్‌కు మిగిలిన వాన్ గోఁ వంటిది. చెప్పినదే చెప్పటం, విన్నవారు తల ఊపటం.

మా నాయనమ్మ మాట ఒకటి మిగిలినది. తొంభై దాటిన తరువాత ఒక సాయంకాలం ఆమె ఉన్నట్లుండి, "నన్ను 'ఒసే' అని పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరురా" అన్నది. ఇంటినిండా మనుమలు, మునిమనుమలు. అందరూ ఆమెను అమ్మమ్మా అనో, నాయనమ్మా అనో, మీరు అనో పిలిచేవారే. చాలాకాలం నాకా మాట మనస్సులో మెదిలినది. చివరకు చుట్టాలచేత వాకబు చేయించగా, ఆమె పుట్టినింటి పక్కయింటి ఆడపడుచు ఒకామె, రెండు మూడేండ్లు చిన్నది, గుడివాడలో మనుమని దగ్గర ఉన్నట్లు తెలిసినది. కారులో తీసికొని వచ్చినాము. చెవి సరిగా వినపడదు. వచ్చీ రాగానే ఆమె కండ్లమీద చేయి అడ్డం పెట్టుకొని చూచి, "ఒసే, నువ్వటే!" అన్నది.

ఆ సాయంకాలమంతా ఇద్దరూ పోట్లాడుకొన్నారు. ఇత్తడి చెంబు పడినది మా నాయనమ్మ చేతిలోనుండి కాదట, ఆవిడ చేతిలోనుండి అట. దెబ్బలు మాత్రం మా నాయనమ్మకు పడినవట. గేలం తెచ్చిన మనిషికి నత్తి లేదట, నత్తి అతని తమ్మునికట. డెబ్బది ఏండ్లుగా మాకందరికీ చెబుతూ వచ్చిన కథ ఒక్క గంటలో తలక్రిందులైనది. మా నాయనమ్మ ఒక్కొక్కటే ఒప్పుకొంటూ వచ్చినది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను ఆ పదేండ్లలో చూడలేదు. బావిగట్టు మీద ఉన్న చెట్టు దగ్గర మాత్రం ఇద్దరూ పట్టు విడువలేదు. ఈమె చింత అంటే ఆమె రావి అన్నది. అన్నాలవేళ అయినా తెమలలేదు. ఆ బావి పూడ్చి, చెట్టు కొట్టి చాలా కాలమైనది. అది చింతో రావో నాకు నేటికీ తెలియదు.